మా ప్రెస్సులో ఆశ్చర్యార్థకాలకి ఎప్పుడూ కరువే

మొన్న పెళ్లికని ఒంగోలు పోయి అద్దంకి బస్టాండు కాడ ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కన మెకానిక్ షెడ్డులో ఒక కుర్రోడు రేకు పళ్ళెంలో ఏవో ఇనప ముక్కలు పోసుకుని కిరసనాయిలుతో రుద్దతా ఉన్నాడు. వట్టి కిరసనాయిలు వాసనైతే నాకేం అనిపించదు, అందులో నల్ల జిడ్డు కలిస్తే ఒక వాసన వస్తది చూడండి, అది ముక్కుకి తగలంగానే ఆటో సంగతే మర్చిపోయాను. ట్రంకు రోడ్డు పక్క సందులో రేకుల షెడ్డు, కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషను, చేతిలో గుడ్డపేలిక, పక్కన ఫోర్మన్ మామ "రోలరు మూలల్లో తుడవ్వేందిరా" అని అరుస్తా ఉండటం, అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి.

డిగ్రీ అయ్యి ఉద్యోగం రాని రోజుల్లో ఆ ప్రెస్సులో చేరాను. ముందు రోలర్లు తుడవడం, తర్వాత కంపోజింగు, ఆ తర్వాత ప్రూఫులు. తెలుగు కంపోజింగంటే ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు, అక్షరం ఒక గడిలో, దాని వత్తు ఇంకో గడిలో, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, అన్నీ సీసం ముక్కలే, అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, వాటిని ఒక్కొక్కటీ ఏరి చేతిలో పట్టుకునే స్టిక్కనే చిన్న చట్రంలో పేర్చుకుంటా పోవాలి. సాయంత్రానికి వేళ్ళ చివర్లు నల్లగా అయిపోయి అన్నం కలుపుకుంటే అన్నం కూడా సిరా వాసనే.

మాది ఊళ్ళో అందరి ప్రెస్సు. పార్టీల కరపత్రాలు, చర్చిల హ్యాండ్‌బిల్లులు, గుడి బ్రహ్మోత్సవాల ఆహ్వానాలు, హేతువాద సంఘం వాళ్ళ బులెటిన్లు, అన్నీ మా కాడే. ఓనరు గారికి దేనిమీదా నమ్మకం లేదు, అడ్వాన్సు మీద తప్ప. "కామ్రేడ్స్! కదలిరండి!" ఒకటి, "రండి! రక్షణ పొందండి!" ఇంకోటి, "గోవిందా! గోవిందా!" మరోటి. దాంతో మాకు వచ్చిన తంటా ఏందంటే ఆశ్చర్యార్థకం గుర్తులు ఎప్పుడూ చాలేవి కాదు. అక్షరాలు పోతపోసే టైపు ఫౌండ్రీకి ఆర్డరు రాసేటప్పుడు అవి ఎక్కువ పంపమని ఫోర్మన్ మామ ప్రత్యేకంగా రాయించేవాడు. ప్రశ్న గుర్తుల గడి మటుకు ఎప్పుడూ నిండుగా ఉండేది, పైన దుమ్ము కూడా ఉండేది.

*

నామం బ్లాకు సంగతి చెప్పాలి.

మా కాడ బొమ్మలు అచ్చేసే జింకు బ్లాకులు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. వినాయకుడు, శిలువ, సుత్తీకొడవలి, కలశం, అరిటాకులు, నామం. నామం బ్లాకు ఒక్కటే. ఒక ఆచారి గారు ఉత్సవాల ఆహ్వానం వేయించుకోను వచ్చి ప్రూఫు చూడంగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "ఇదేందయ్యా, కింద పాదం ఉంది?" అన్నాడు. మాకేం తెలుసు, నామం నామమే గదా. ఆయనకి కాదు. ఆయన వైష్ణవుల్లో వడగలై శాఖ, వాళ్ళ నామం కింద గుండ్రంగా తిరుగుద్ది, పాదం ఉండదు. పాదం ముక్కు మీదికి దిగితే అది రెండో శాఖ, తెంగలై. "పాదం ఉన్న కాయితం మా గుళ్ళో పంచితే నేను బతికుండంగానే తద్దినం పెట్టినట్టే" అన్నాడు.

ఇది గీత గొడవ కాదని ఆయనే కూర్చుని చెప్పాడు నాకు, ఒక గ్లాసుడు మంచినీళ్ళు కూడా మా కాడ తాగకుండా. భగవంతుడు కాపాడాలంటే మనవైపు నుంచి కూడా కొంత పట్టు ఉండాలి, కోతిపిల్ల తల్లి పొట్టని కరుచుకున్నట్టు, అది వేదాంత దేశికుల దారిన పోయే వీళ్ళ మాట. అట్టా కాదు, పిల్లి తన పిల్లని తనే నోట కరుచుకుపోద్ది, పిల్ల చెయ్యాల్సింది ఏమీ లేదు అనేది మణవాళ మామునుల దారిలో వాళ్ళ మాట. రెండు పక్కలా రామానుజులే, రెండు పక్కలా శరణాగతే. కోతి దారా, పిల్లి దారా అన్న కాడ చీలి వందల ఏళ్ళుగా చీలే ఉన్నారు. నాకప్పుడు నవ్వొచ్చింది గానీ ఆయన చెప్తన్నప్పుడు గొంతులో వణుకు వచ్చింది, అది చూసి నవ్వు ఆపుకున్నా.

ఫోర్మన్ మామ ఏం చేశాడంటే ఆకురాయి తీసుకుని ఆ బ్లాకు పాదం గీకి పారేశాడు. ఆచారి గారు సంతోషంగా పోయాడు. తర్వాత నెలలో తెంగలై వాళ్ళు వచ్చారు, "పాదం ఏదయ్యా" అని. మామ బ్లాకు కింద చిన్న సీసం రూలు ముక్క కత్తిరించి పెట్టి కట్టు బిగించాడు. అప్పట్నించీ అదే పద్ధతి, పాదం పెడితే తెంగలై, తీస్తే వడగలై. ఆ ముక్కని ఒక అగ్గిపెట్టెలో దాచేవాడు, పోతే మళ్ళీ కొయ్యాలని. ఆయన సాయిబు. ఆచారి గారికి ఆ సంగతి తెలుసు, ఎప్పుడూ ఏమీ అనలేదు. పాదం విషయంలో మటుకు రవ్వంత కూడా తగ్గేవాడు కాదు.

*

మా మిషను తొక్కే అబ్బాయి బాప్టిస్టు. ఒంగోలు పక్కన బాప్టిస్టులు అంటే అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ క్లౌ దొర దగ్గర్నించీ లెక్క, ఊళ్ళో ప్రేయర్ మీటింగ్ హిల్ మీదికి జనం ఇప్పటికీ ఎక్కుతారు. 1876-78 ధాత కరువులో ఆ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని పస్తులున్నోళ్ళకి పని పెట్టించాడు, ఆ కాలంలో వచ్చి బాప్తిస్మం ఇమ్మంటే ఇవ్వలేదు, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పనులు అయినాక 1878 జూలై 3న వెలంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2222 మందిని ముంచారు. ఈ లెక్క మా ప్రెస్సులో ఎన్నిసార్లు కంపోజ్ చేశానో, రెండ్ల గడి ఖాళీ అయిపోయేది.

ముంచడం అన్న మాట దగ్గరే ఉంది అసలు కథ. ఆ అబ్బాయికి గుంటూరు వైపు పిల్లని చూశారు. ఆ పక్క లూథరన్లు ఎక్కువ. వాళ్ళు పసిబిడ్డకే నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. మన ఒంగోలు బాప్టిస్టు పాస్టరు గారేమో "చిలకరింపు బాప్తిస్మం కాదు, బుద్ధెరిగి ఒప్పుకుని నీళ్ళలో మునగాలి, పిల్ల మునిగితేనే నేను పెళ్లి చేస్తా" అన్నాడు. పిల్ల తండ్రి ఒంగోలు దాకా వచ్చి మా షెడ్డులోనే కూర్చుని, పెళ్లికార్డు ప్రూఫు చేతిలో పట్టుకుని, "ఒకే ప్రభువు, ఒకే విశ్వాసం, ఒకే బాప్తిస్మం అని మీ బైబిల్లోనూ ఉంది గదయ్యా, ఇప్పుడు రెండోసారి ఇప్పిస్తే మా అయ్యగారు ఇచ్చిన మొదటిది అబద్ధం అని నేనే ఒప్పుకున్నట్టు గాదా?" అన్నాడు. ఇద్దరిదీ అదే వాక్యం, ఇద్దరికీ అదే ఆధారం.

నెల రోజులు నడిచింది ఇది. కార్డు రెండుసార్లు కంపోజ్ చేశాం, ఒకదాంట్లో ఒంగోలు చర్చి, రెండోదాంట్లో వాళ్ళ ఊరి చర్చి. చివరికి ఆడపిల్ల ఊళ్ళోనే అయ్యింది. మన పాస్టరు గారు పెళ్లి చెయ్యనన్న మాట మీదే నిలబడ్డాడు, గుళ్ళోకి కూడా రాలేదు. కానీ లారీలో మాతో పాటే వచ్చి, పందిట్లో పంచె పైకి చెక్కి, పప్పు బకెట్టు పట్టుకుని అన్ని పంక్తులకీ వడ్డించాడు. ఎవరన్నా అడిగితే "వడ్డనకి బాప్తిస్మంతో పనేముంది" అనేవాడు.

*

లాజిక్ లెక్చరర్ గారు వచ్చేది శనివారాలు. ఇంటర్‌కి లాజిక్ చెప్పేవాడు, హేతువాద బులెటిన్ ఆయనదే. చుట్ట కాల్చడు, సిగరెట్టు కాల్చడు, దేవుడు లేడు, జాతకం లేదు, అన్నిటినీ అనుమానించాలి అంటాడు, జేబులో మాత్రం హోమియోపతి గోలీల సీసా ఉంటది, గంట కొట్టినట్టు నాలుగు గోలీలు నాలిక కింద వేసుకుంటాడు. దాన్ని అనుమానించమంటే కోపం.

మా ఫోర్మన్ మామకి ఒక రూలు ఉండేది, దీపాలు పెట్టాక టైపు డిస్ట్రిబ్యూషన్ చెయ్యకూడదు. అంటే అచ్చు అయిపోయిన ఫారం విప్పి అక్షరాల్ని మళ్ళీ ఎవరి గడిలోకి వాళ్ళని పంపడం. పగలు మిగిలిపోయినా సరే, రాత్రి ముట్టుకుంటే చేతిమీద స్కేలు దెబ్బ. లెక్చరర్ గారు ఒకరోజు పట్టుకున్నాడు.

"ఎందుకు చెయ్యకూడదు?"

"మా గురువు చెప్పాడు సార్."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఆయన గురువు. మద్రాసులో."

"ఆ మద్రాసాయనకి?"

"ఏమో సార్, పనిలో అదంతే."

లెక్చరర్ గారికి లంకెబిందెలు దొరికినంత సంబరం అయ్యింది. నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. పూర్వం గ్రీకుల్లో అగ్రిప్పా అని ఒకాయన, సెక్స్టస్ ఎంపిరికస్ అనే వైద్యుడు ఆ మాటల్ని రాసిపెట్టాడు. నువ్వు దేన్నయినా నిజం అంటే ఎందుకు అని అడుగుతా పోతే మూడే దారులు. కారణానికి కారణం, దానికి ఇంకో కారణం, ఎప్పటికీ తెగదు. లేదంటే తిరిగి తిరిగి మొదలుపెట్టిన మాటకే వస్తావు. ఈ రెండూ కాకపోతే యాడో ఒకచోట ఆగి ఇదంతే అంటావు. "మీ ఫోర్మన్ మూడో దారి పట్టాడు" అన్నాడు. అదే సెక్స్టస్ మనుషుల్ని కూడా మూడు రకాలు చేశాడంట, నిజం దొరికింది అనేవాళ్ళు, అసలు దొరకనే దొరకదు అనేవాళ్ళు, ఇంకా వెతుకుతున్నవాళ్ళు. మొదటి వాళ్ళు పిడివాదులు. అరిస్టాటిల్, ఎపిక్యూరస్, స్టోయిక్కులు, ఆ గ్రీకు తత్వవేత్తలందరినీ ఆ లెక్కలోనే వేశాడంట.

ఫోర్మన్ మామ స్టిక్కులో అక్షరాలు పేర్చడం ఆపకుండానే "యాడో ఒకచోట ఆగకపోతే రేపు పొద్దునకి మీ బులెటిన్ ఎవరిస్తారు సార్?" అన్నాడు.

లెక్చరర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వారం వచ్చినప్పుడు జర్మన్ తత్వవేత్త కాంట్ పుస్తకం తెచ్చాడు, ఇంగ్లీషుది, అట్టలు ఊడిపోయి ఉంది. కోనిగ్స్‌బర్గ్ ఊరు వదిలి పెద్దగా యాడికీ పోని మనిషి, హ్యూమ్ అనే ఇంకో తత్వవేత్తని చదివి పిడివాదపు నిద్రలోంచి మేలుకున్నానని రాసుకున్నాడు. 1781లో పెద్ద పుస్తకం వేశాడు, 1787లో మళ్ళీ వేసినప్పుడు ముందుమాటలో ఒక మెలిక పెట్టాడంట. కొన్ని సూత్రాలు పట్టుకుని గట్టిగా, పద్ధతిగా ముందుకి పోవడం తప్పు కాదు, ఏ శాస్త్రమైనా అట్టానే నడుస్తది. ఈ బుద్ధి యాడి దాకా పోగలదో ముందు తేల్చుకోకుండా పోతా ఉండటమే పిడివాదం. "నీ రూలు తప్పు గాదయ్యా, దాని లోపల ఏముందో నువ్వు చూసుకోలేదు" అన్నాడు మామతో. మామకి అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు, దీపం వెలుగులో ద, ధ, థ ఒకేలా కనపడతాయి సార్, తప్పు గడిలో పడితే రేపు కంపోజ్ చేసేవాడికి తెలియకుండా తప్పులు దొర్లుతాయి అన్నాడు. అన్నాళ్ళూ నన్ను కొట్టాడు గానీ ఆ ముక్క చెప్పలేదు. చెప్పుంటే దెబ్బలు తప్పేవి.

లెక్చరర్ గారు జైనుల సంగతి కూడా ఎత్తాడు ఒకసారి, వాళ్ళు ఏ మాట చెప్పినా ముందు "ఒక విధంగా చూస్తే" అని పెట్టమన్నారని. మామ ఒప్పుకోలేదు, వాక్యానికి ఒక ముక్క పెరిగితే కంపోజింగు చార్జీ ఎవరిస్తారు అని. ఇంకోసారి, క్లౌ దొర బాప్తిస్మాలు ఇప్పించిన ఆ గుండ్లకమ్మ ఒడ్డునే పైన దొనకొండ దగ్గర చందవరంలో బౌద్ధుల స్తూపం ఉందని, ఏరు దాటినాక తెప్పని నెత్తిన పెట్టుకుని మోసుకుపోతారా అని బుద్ధుడు అడిగాడని చెప్పాడు. తన బోధని కూడా తెప్పే అన్నాడంట, తగులుకుని కూర్చోవద్దని. ఇట్టాంటి మాట స్థాపకుడే చెప్పిన మతం ఇంకోటి ఉందేమో నాకు తెలీదు గానీ నాకు అది బాగా పట్టింది, ఇప్పటికీ.

*

మా నాయనమ్మ గురించి చెప్పకపోతే ఇదంతా పుస్తకాల గోలగా మిగిలిపోద్ది.

1980 ఫిబ్రవరి 16 మద్దేనం సూర్యగ్రహణం. సంపూర్ణ గ్రహణం తెలంగాణా మీదుగా పోయింది, మాకు మొత్తం కాదు గానీ చాలా భాగమే పట్టింది. ఊరంతా తలుపులేసుకుంది, రోడ్డు మీద కుక్కలు తప్ప ఏమీ లేవు. నాయనమ్మ అందరికంటే గట్టిది. ఊరగాయ జాడీల మీద, పాల గిన్నె మీద, బియ్యం డబ్బా మీద దర్భలు వేసింది, పొద్దున్నించీ ఎవరికీ పచ్చి మంచినీళ్ళు లేవు, కడుపుతో ఉన్నవాళ్ళు గోరు కూడా గిల్లకూడదు, గిల్లితే గ్రహణం మొర్రి.

సరిగ్గా ఆ సమయానికే పక్కింటి వాళ్ళ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు విడిచే దాకా ఆగుదాం అన్నారు. నాయనమ్మ గోడ అవతల్నించి ఆ పిల్ల అరుపు రెండుసార్లు వినింది. మూడోసారికి లేచి, చెంగు నడుముకి దోపి, తలుపు తీసి నడిరోడ్డు మీదికి పోయి రిక్షా అతన్ని పిలిచింది. వాడు "గ్రహణంలో రానమ్మా" అంటే "గ్రహణం పట్టింది సూర్యుడికిరా, నీ రిక్షాకి కాదు, లెయ్" అనింది. తనే పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకుపోయింది. మగపిల్లోడు పుట్టాడు, పెదవి బాగానే ఉంది.

ఆమె మారిందని కాదు. సాయంత్రం తలంటి పోసుకుంది, ఇల్లంతా కడిగించింది, దర్భలు తీసి పారేసింది. మరి గ్రహణంలో ఎందుకు బయటికి పోయావు అంటే "పురిటికి బయల్దేరినోళ్ళకి దోషం లేదు" అనింది. ఆ శాస్త్రం ఎక్కడ ఉందో ఎవరికీ తెలీదు, అప్పటికప్పుడు ఆమే రాసుకుంది. మళ్ళీ గ్రహణం వస్తే మళ్ళీ అవే దర్భలు, అవే ఆంక్షలు.

మనిషి ఏం నమ్ముతాడో చూసి వాడు పిడివాదో కాదో చెప్పలేం అని నాకు అప్పట్నించీ ఒక అభిప్రాయం. నాయనమ్మ నమ్మకాలు చూస్తే కొండరాయి, మనిషి మటుకు అవసరమొస్తే కదిలేది. కాలేజీలో అనుమానించడం నేర్పే పెద్దమనిషి గోలీల సీసా విషయంలో కదిలేవాడు కాదు. నమ్మకం ఎంత గట్టిదన్నది కాదు, ఎదురుగా ఒక పిల్ల అరుస్తా ఉంటే చెవిన పడుద్దా లేదా అన్నది. పడనివాళ్ళు అన్ని పక్కలా ఉన్నారు, గుళ్ళో, చర్చిలో, పార్టీ ఆఫీసులో, హేతువాద సంఘంలో.

*

పార్టీ అంటే గుర్తొచ్చింది, అన్నదమ్ముల కథ.

ఇద్దరూ బడిపంతుళ్ళే. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు అన్న మార్క్సిస్టు పార్టీ వైపు పోయాడు, తమ్ముడు సీపీఐలో ఉండిపోయాడు. పెద్దాయనకి ఆ పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారంటే ప్రాణం, ఆయన ఊరు అలగానిపాడు మనకి ఎంత దూరమని, మన పక్క మనిషి అని చెప్పుకునేవాడు. ఇంటి మధ్యలో గోడ లేచింది. పెద్దాయన కూతుర్ని బాబాయి ఇంటికి పోనివ్వలేదు చాన్నాళ్ళు, ఆ పిల్ల గోడ మీంచి పిన్నమ్మతో మాట్లాడేది. ఇది నేను నవ్వుతా చెప్పే సంగతి కాదు, ఆడవాళ్ళు చాలా పడ్డారు.

ఇద్దరూ మా ప్రెస్సుకే వచ్చేవాళ్ళు, ఒకరు వచ్చిన రోజు ఇంకొకరు రాకుండా చూసుకునేవాళ్ళు. అన్న కరపత్రంలో తమ్ముడి పార్టీ రివిజనిస్టులు, అంటే సిద్ధాంతాన్ని నీరుగార్చేవాళ్ళు. తమ్ముడి కరపత్రంలో అన్న పార్టీ పిడివాదులు. మా సిద్ధాంతం జడసూత్రం కాదు, ఆచరణకి దారి చూపేది అన్న మాట ఎంగెల్స్ నించి లెనిన్ దాకా అందరూ చెప్పిందే, ఇద్దరూ అదే మాట పెట్టేవాళ్ళు, ఒకరిమీద ఒకరు విసురుకోను.

ఒకసారి తమ్ముడి కరపత్రం గేలీ ప్రూఫు బల్ల మీద ఉంది. పెద్దాయన తన పని మీద వచ్చి, కూర్చుని, చేతికందిందని చదవడం మొదలుపెట్టాడు. నిండా ఆయన్నే తిట్టారు, పేరు ఒక్కటే లేదు. నేను గుండె చేత్తో పట్టుకుని చూస్తన్నా. ఆయన చెవి మీద పెన్సిలు తీశాడు. ఆ కాయితంలో సిద్ధాంతం అన్న మాట వచ్చిన ప్రతిచోటా దకి ద వత్తు పడి ఉంది, అన్నిచోట్లా కొట్టేసి ధ వత్తు పెట్టాడు. ఇంకో రెండు చోట్ల విభక్తి సరిచేశాడు. వాదం జోలికి పోలేదు, తనని తిట్టిన వాక్యంలో కూడా కామా ఒకటి పెట్టి, కాయితం మడిచి అక్కడే పెట్టి పోయాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి చూసి "ఎవరు దిద్దారు?" అన్నాడు. ఫోర్మన్ మామ "ఎవరో సార్" అన్నాడు. ఆయన కాసేపు ఆ పెన్సిలు గీతల్ని చూసి, "అట్టాగే వెయ్యండి" అన్నాడు.

తర్వాత కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది, ఆఫ్‌సెట్ వచ్చింది, మా ఓనరు గారు టైపంతా కాటాకి వేసి అమ్మేశాడు, నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి వేరే ఊరు పోయాను. పెద్దాయన పోయినప్పుడు ఒంగోలు వచ్చాను. తమ్ముడు గారు అప్పటికి బాగా ముసలాయన అయ్యాడు, సంతాప సభ కరపత్రం కంప్యూటర్లో కొట్టించుకొచ్చి, నువ్వు ప్రెస్సోడివి గదా ఒకసారి చూడు అని నా చేతికిచ్చాడు. రెండో పేరాలోనే "ఆయన రాజకీయ పంథాతో మాకు మౌలికమైన విభేదాలు ఉన్నప్పటికీ" అని ఉంది.

"మాష్టారూ, ఇప్పుడెందుకండీ ఈ ముక్క, తీసేద్దామా?" అన్నాను.

"తీస్తే అన్న ఊరుకుంటాడా? ఉండనీ" అన్నాడు. "సిద్ధాంతంలో వత్తు సరిగ్గా పడిందో లేదో అది చూడు ముందు."